ఆముదం పోసిన బండి

నా చిన్నప్పుడు నేను అక్షరాల కంటే ముందు మోటారు సైకిల్ చప్పుళ్లు నేర్చుకున్నాను. బాపు, అమ్మ బొంబాయికి కూలికి పోతూ నన్ను దేవరకొండ దగ్గరి పల్లెలో మా మేనమామ ఇంట్లో వదిలారు. మామ మేకల బేరగాడు. ఊరూరా మేకలు కొని, పాత బండి ట్యాంకు మీద రెండేసి మేకలను అడ్డంగా వేసుకుని అంగడికి పోయేవాడు. ఆ బరువుకే బండి ముందుభాగం చెడిపోయింది.

మేకను కొనే ముందు మామ దాని డొక్క మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు. లోపల గురగుర తగిలితే కొనేవాడు కాదు. బండిని కూడా అట్లాగే చూసేవాడు. ఆ పని నాకూ నేర్పాడు. తాను ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపేవాడు. నేను హ్యాండిల్ కింద, మెడ మీద చెయ్యి పెట్టాలి. అక్కడ ‘టక్’ మని తగిలితే మెడలో ఇనుప గుండ్లు అరిగినట్టు. ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే గొట్టాల్లో ‘కటకట’ మంటే లోపల నూనె కారిపోయి, ఇనుము ఇనుముకు కొట్టుకుంటున్నట్టు. “చెవుతోని కాదే పిల్లా, చేతితోని ఇను” అనేవాడు. మామ నాతో ముద్దుగా మాట్లాడింది ఆ పని నేర్పిన నాలుగు రోజులే.

నాకు తొమ్మిదేళ్లున్న ఆ ఏడే మా ఊరి బడికి కొత్త సారు వచ్చాడు. దేవరకొండ నుంచి రోజూ సైకిల్ తొక్కుకుంటూ వచ్చే బక్కపలుచని మనిషి. నేను మేకలు కాసే గుట్ట దాకా నడిచి వచ్చి, బండరాయి మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసి, మరునాటికి నేర్చుకొమ్మని చెప్పేవాడు. వాన పడి చెరిగిపోతే మళ్లీ రాసేవాడు. బదులుగా నేను ఆయనకు బండి చప్పుళ్లు చెప్పేదాన్ని. పగలబడి నవ్వేవాడు. అట్లా ‘ఉ’ దాకా వచ్చాము.

మామ బండి అమ్ముతున్నాడని తెలిసి సారు అడిగాడు. ఆయన చూడడానికి వచ్చే ముందురోజు మామ ఇంట్లోని ఆముదం సీసా తెచ్చి, గొట్టాల పైమూతలు విప్పి రెండింటిలోనూ పోశాడు. అంగడికి తోలే ముందు మేకలకు ఉప్పు నాకించి కడుపునిండా నీళ్లు తాగించడం మాకు మామూలే. కొన్నవాడి ఇల్లు చేరేదాకా మేక బొద్దుగా కనబడితే చాలు. బండికీ అదే వైద్యం. చిక్కటి ఆముదం పడేసరికి కటకట ఆగిపోయింది. చెయ్యి పెట్టి చూశాను. చచ్చిన మేక డొక్కలా ఉంది.

“ఎన్నొద్దులు ఆగుతది మామా?” అని అడిగాను.

“వారమో, పది రోజులో. గది సారు ఫికరు, నీకెందుకే? నోరు తెరిచినవో, నీకు గీ ఇంట్ల బువ్వ లేదు.”

మరునాడు సారు వచ్చి, బండిని వీధి చివరిదాకా నడిపి సంబరపడ్డాడు. దిగి, నన్ను పిలిచాడు. “నా మెకానిక్కు చెప్తెనే కొంట. జర చెయ్యి పెట్టి చూడు బిడ్డా.” ఆయనే బ్రేకు పట్టి బండిని ఊపాడు. మామ గడప మీద కూర్చుని బీడీ కాలుస్తూ, “చూడవే, సారు అడుగుతుండు గదా” అన్నాడు.

నా అరచేతికి ఏమీ తగలలేదు. “చప్పుడు లేదు సారూ” అన్నాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. తొమ్మిదేళ్లకే అంత తెలివి ఎట్లా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పది రోజులకే ఆముదం కారి ముందు చక్రం బ్రేకులోకి దిగింది. గుట్ట దిగుడులో బ్రేకు పట్టక సారు కాలువ మీది మోరీ గోడకు గుద్దుకున్నాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది. చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు. “సారుకు నడుపరాదు, బండిదేం తప్పు?” అని మామ అందరితో అన్నాడు. అందరూ నమ్మారు.

వేరే ఊరికి బదిలీ చేయించుకుని, బడిలో ఉన్న తన సామాను తీసుకుపోవడానికి సారు ఒక్కసారి వచ్చాడు. మెడకు వేలాడుతున్న చేతితోనే గుట్ట ఎక్కాడు.

“నీకు ఎరుకేనా బిడ్డా?” అని అడిగాడు.

నేను మేకల దిక్కు చూశాను. ఆయన మళ్లీ అడగలేదు. ఎడమచేత్తో జేబులోంచి సుద్దముక్క తీసి, బండరాయి మీద వంకరటింకరగా ‘ఊ’ రాసి దిగిపోయాడు. రెండు రోజులకు వాన పడింది. మళ్లీ రాసేవాళ్లు లేరు.

తెలంగాణ వచ్చాక, నాకు యాభై ఏళ్లు దాటాక, నా మనుమరాలి పలక మీద మిగతా అక్షరాలు నేర్చుకున్నాను. ఊళ్లో ఎవరు పాత బండి కొన్నా నవ్వులాటకైనా నన్ను పిలుస్తారు. చెయ్యి పెడతాను. చప్పుడు లేకపోతే, లోపల ఏం పోశారని ముందు అడుగుతాను. అడిగినదానికే జవాబు చెప్పి ఊరుకోవడం సారు గుట్ట దిగిపోయిన రోజుతోనే మానేశాను.

నా ‘ఊ’ మాత్రం ఇప్పటికీ వంకరగానే వస్తుంది. “ఎడమచేత్తోని రాసినట్టున్నదే అవ్వా” అని మనుమరాలు నవ్వుతుంది. నేను దిద్దుకోను.