రోలరుకు పెట్టిన బొట్టు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఒక చిన్న కర్మాగారంలో నాణ్యతా విభాగం మేనేజరుగా చేరాను. పుండ్లకు కట్టే డ్రెస్సింగు బట్ట అక్కడ తయారయ్యేది. పదవీ విరమణకు ముందు నా చివరి ఉద్యోగం అదే. మా పూర్వీకులు చింతాద్రిపేటలో మగ్గం నేసినవాళ్ళు. నేను చేరిందేమో నేత లేని బట్ట చేసే చోట. పడుగూ పేకా లేకుండా అదేం బట్టని మా పెద్దమ్మ చివరిదాకా నా ఉద్యోగాన్ని నమ్మలేదు.

నిజానికి అందులో దారమే ఉండదు. విస్కోస్ అనే మెత్తటి పీచును యంత్రం దువ్వి పలచటి పొరగా పరుస్తుంది. అలాంటి పొరలు కొన్ని ఒకదానిమీద ఒకటి వేసి, గరుకు సూదులతో పొడిస్తే పీచులో పీచు చిక్కుకుని బట్టగా నిలబడుతుంది. చివర నున్నటి ఉక్కు రోలరు దాన్ని అణిచి చుట్టకు పంపుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళ కాలిపుండు నుంచి ఊరే రసిని ఈ బట్ట పీల్చుకోవాలి. పీల్చకపోతే పుండు నానిపోతుంది, మానదు. అందుకని మా ముఖ్యమైన పరీక్ష చాలా సులువు. ముక్కను నీళ్ళలో వేస్తే అది ఠక్కున మునగాలి.

యంత్రం వచ్చి చాలాకాలమైనా ఆర్డర్లు మాత్రం రాలేదు. ఇల్లలకగానే పండగ కాదని మా ముదలాళికి, అంటే యజమానికి, అప్పటికి బోధపడింది. ఆయన జార్జి టౌన్‌లో దూది వ్యాపారం చేసి వచ్చిన తెలుగాయన. చివరికి నగరంలోని ఒక ఆసుపత్రి నమూనా అడిగింది. ఇది కుదరకపోతే యంత్రం అమ్మేస్తానని ఆయన అందరి ముందూ చెప్పేశాడు. దానిమీద పనిచేసే ఆడవాళ్ళకు అప్పటినుంచి అన్నం సహించలేదు.

నమూనా తీయాల్సింది ఆయుధపూజ సెలవు అయిన వెంటనే. మద్రాసులో ఆయుధపూజ అంటే కర్మాగారానికి పెళ్ళే. యంత్రాలు కడిగి, తుడిచి, మామిడాకులు కట్టి, వాకిట్లో గుమ్మడికాయ పగలగొట్టి, అందరం బొరుగులూ బెల్లమూ తిన్నాం. సెలవు అయ్యాక ఆపరేటర్లలో పెద్దదైన రాజేశ్వరి యంత్రం నడిపింది. బట్ట తెల్లగా, ముచ్చటగా వచ్చింది. ముక్క కోసి నీళ్ళలో వేస్తే హాయిగా తేలింది.

ముదలాళి నేరుగా పీచు అమ్మినవాడిమీద పడ్డాడు. "లోడు మొత్తం తిప్పి పంపించేయమ్మా, నూనిపీచు అంటగట్టినాడు," అన్నాడు. నేను ఇంకో ముక్క వేశాను. అది మునిగింది. పీచే చెడ్డదైతే రెండూ తేలాలి కదా. బల్లమీద బట్ట పరిపించి నీలిమందు కలిపిన నీళ్ళు చిలకరించాను. నీళ్ళు అంతటా ఇంకాయి, కొన్నిచోట్ల మాత్రం గుండ్రంగా పూసల్లా నిలిచాయి. ఆ మచ్చలు ఒకే దూరంలో మళ్ళీ మళ్ళీ వచ్చాయి, పోనుపోను చిన్నవయ్యాయి. టేపు పెట్టి చూస్తే ఆ దూరం ఉక్కు రోలరు చుట్టుకొలతకు సరిపోయింది.

రోలరును ఎవరు ముట్టుకున్నారని అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఫిట్టరు తన గ్రీజు డబ్బా వెనక్కి జరిపాడు. పాపం, అతనికేమీ సంబంధం లేదు. రాజేశ్వరి ముందుకొచ్చింది.

"నేనే మేడం, బొట్లు పెట్టినా. ఉక్కుమీద కుంకం నిలవదు గదా, అందుకని కొంచెం నూని రాసి పెట్టినా. పొద్దున తుడిచేసినా మేడం, ఎర్రగా ఏమీ లేదు ఆడ."

కుంకుమ పోయింది, నూనె ఉండిపోయింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే కారణం తెలిసిన జబ్బుకు మందు ఉంటుంది. స్పిరిటుతో రోలరును ఆమె చేతే తుడిపించి, కొంత బట్టను వృథాగా నడిపి పారేసి, ఆ తర్వాత వచ్చినదాన్ని అడుగడుగునా పరీక్షించి నమూనా కోశాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ మా ముక్కను గ్లాసు నీళ్ళలో వేసింది. అది మునిగింది. నమ్మకం కుదరక ఇంకోటి వేసింది, అదీ మునిగింది. ఆర్డరు వచ్చింది, యంత్రం మిగిలింది.

ఇకమీదట పూజే వద్దన్నాడు ముదలాళి. రాజేశ్వరి ముఖం చూసి నేను అడ్డుపడ్డాను. పూజ మానక్కర్లేదు, బట్ట తగిలే భాగాలకు మాత్రం బొట్టు పెట్టకూడదని నియమం రాసి గోడకు అంటించాను. మరుసటి ఏడు పూజలో, పాత అలవాటున కుంకుమ వేలితో రోలరు వైపు వంగింది ముదలాళే. "ఆడొద్దయ్యా, ఈడ పెట్టండి," అంటూ రాజేశ్వరి ఆయన చెయ్యి పట్టుకుని బయటి చట్రం దగ్గరికి లాక్కుపోయింది. ఆయన బుద్ధిగా పెట్టాడు. నేను కడుపుబ్బ నవ్వాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది: మంచి మనసుతో చేసిన పనిని కూడా పరీక్షకు పెట్టాలి, అలా పెట్టినంత మాత్రాన ఆ మనిషిని శంకించినట్టు కాదు. పుండుతో బాధపడేవాడి దాకా చేరేది మా మంచి మనసు కాదు, మా బట్ట ఒక్కటే.