కుడిపక్క దీపం

ఉరుకుందమ్మ కిటికీని శ్రీనివాసులు మేడ మింగేసింది.

పత్తికొండలో ఆ సందులో నలభై ఏళ్లుగా ఆమె ఉత్తరం కిటికీ దగ్గర ముక్కాలిపీట వేసుకుని చీరలకు ఫాల్ కుడుతూ వచ్చింది. ఆ కిటికీలోంచి పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా ఎండ కానిదీ నీడ కానిదీ ఒక మెత్తటి వెలుతురు వచ్చేది. రెండేళ్లు వరసగా టమాటాకు మంచి రేటు పడేసరికి పక్కింటి శ్రీనివాసులు ఇంటి మీద ఇల్లు, దాని మీద ఇంకో ఇల్లు లేపాడు. గృహప్రవేశానికి పిలిచి లడ్డు పెట్టాడు. ఆమె లడ్డు తిని ఇంటికొచ్చి కిటికీలోంచి చూస్తే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో సున్నం కూడా వేయని సిమెంటు గోడ.

"మేడ కట్టినావు, శానా సంతోషమప్పా. నా కిటికీకి ఒక సూర్యున్ని కూడా కట్టియ్యకపోతివా?" అంది మర్నాడు అతను ఎదురుపడితే.

శ్రీనివాసులు నవ్వి, "ఒక బల్బు ఏసుకో పిన్నమ్మా" అని చెప్పి బండెక్కి పోయాడు. బల్బు వేసుకోవడమంటే అరటిపండు ఒలిచినట్టు అనుకున్నాడు కాబోలు.

ఫాల్ కుట్టడం చూసేవాళ్లకు పని కాదు. చీర అంచుకు లోపలివైపు ఒక గుడ్డ పట్టీ ఆనించి చేతికుట్టు వేయడం, అంతే. కానీ సూది చీరలోంచి ఒక్క పోగును మాత్రమే పట్టుకోవాలి. రెండు పోగులు పట్టిందో, చీర ముందువైపు దారం చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. పట్టుచీర మీద ఆ చుక్కలు చూస్తే ఉరుకుందమ్మకు అన్నంలో రాయి తగిలినట్టుండేది. ఎదురింటి అబీదా బీ మిషన్ మీద జాకెట్లు కుట్టేది, చీరలన్నీ ఫాల్ కోసం ఈమెకు పంపేది. పత్తికొండలో పెళ్లికూతుళ్ల చీరలు సగానికి సగం ఈ ఇద్దరి చేతుల్లోంచి పోయినవే.

ఉరుకుందమ్మకు ఒక గుట్టు ఉంది. ఆమె వీధి వాకిలికి వీపు పెట్టి కూర్చునేది ఆ గుట్టు కోసమే. సూది ఆమెకు ఎడమచేతిలోనే పలుకుతుంది.

చిన్నప్పుడు వాళ్లమ్మ ఆ చెయ్యిని చీరపేలికతో నడుముకు కట్టి అన్నం పెట్టేది. బళ్లో ఉన్న రెండేళ్లూ అయ్యవారు ఆ చేతి మీదే బెత్తం విరిచాడు. తినడం, ఇవ్వడం, పుచ్చుకోవడం, బొట్టు పెట్టడం అన్నీ కుడిచేతికి అలవాటయ్యాయి. సూది మాత్రం మాట వినలేదు. పెళ్లై వచ్చిన కొత్తలో అరుగు మీద కూర్చుని ఒక తలంబ్రాల చీర కుడుతుంటే, చీరవాళ్ల పెద్దావిడ చూసి, "రొడ్డచేత్తో ముడతాండావా మే! అది పెండ్లిగుడ్డ!" అని ఒళ్లోంచి చీర లాక్కుని పోయింది. వీధంతా చూసింది. ఆ సాయంత్రమే మొగుడు ఓబుళేశు ముక్కాలిపీటను లోపలికి తెచ్చి, వాకిలికి వీపు వచ్చేటట్టు, కిటికీ కుడిపక్కన పడేటట్టు వేశాడు. "ఈడ కూచో. ఏ చేత్తో కుడతాండావో ఎవనికి కనపడతాది?" అన్నాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. పీట మాత్రం ఆయన వేసిన చోటే ఉంది.

కిటికీ మూసుకుపోయాక మొదట అంగడికి పోయి, అన్నిటికంటే పెద్ద బల్బు ఇమ్మని తెచ్చుకుంది. నడినెత్తి మీద వేలాడదీయించింది. గదంతా జాతరలా వెలిగింది గానీ వంగి కుట్టబోతే ఆమె తల నీడే చీర మీద పడింది. పైగా అది నీలం కొట్టే తెలుపు. ఆ వెలుతురులో కుంకుమరంగు చీరకు సరిపోయిందనుకుని కుట్టిన దారం, వాకిట్లోకి తెచ్చి చూస్తే వక్కరంగులో ఉంది. చీరంతా విప్పి మళ్లీ కుట్టింది.

"ఇది బల్బు కాదు, దొంగముండ. రంగులన్నిటికీ అబద్ధాలు నేర్పిస్తాండాది" అని తిట్టింది.

కోడలు తనూజ ఇక లాభం లేదని మాబాషాను పిలిపించింది. మాబాషా అబీదా బీ పెద్దకొడుకు. ఊళ్లో కరెంటు పని చేస్తాడు, పనిలో శ్రద్ధగలవాడు. వచ్చి గదంతా చూసి, నెత్తిమీది బల్బు పీకేశాడు.

"పెద్దమ్మా, గదికి మెత్తంగా ఒక లైటు, పనికి దగ్గరగా ఒక దీపం. రెండూ కావాల. దీపం ఒకటే పెడితే చీర మీద వెలుగు, చుట్టూ చీకటి. తలెత్తి దించేకొద్దీ కండ్లు అలిసిపోతాయి" అన్నాడు.

పైన ఒక ట్యూబు పెట్టాడు. పనికోసం మెడ వంచుకునే దీపం ఒకటి తెచ్చాడు. బల్బు కంటికి తగలకుండా దానికి రేకు టోపీ ఉంది. బల్బులు మూడు రకాలు తెచ్చి, ఒక్కొక్కటే వెలిగించి, ఆమె దారాల డబ్బా ముందు పెట్టించాడు. నీలంతెలుపు వద్దంది. లాంతరులాంటి పసుపుది వద్దంది, దాని కింద గంధంరంగూ తెలుపూ ఒకటే అయిపోతున్నాయని. మూడోది వెలిగించగానే ఆమె కుంకుమ దారం ఒకటి, వక్కరంగు దారం ఒకటి పట్టుకుని వాకిట్లోకి పోయి చూసి, లోపలికొచ్చి చూసి, "ఆ, ఇదప్పా మనిషి" అంది.

అంతవరకు బాగానే ఉంది.

"ఇంగ కూచొని కుట్టు పెద్దమ్మా. చేతి నీడ యాడ పడతాదో చూసి బిగిస్తా" అన్నాడు మాబాషా.

ఉరుకుందమ్మ సూదిలోకి దారం ఎక్కించి తలెత్తింది. మాబాషా ఎదురుగా నిలబడి ఆమె చేతులే చూస్తున్నాడు. సూది ఎడమచేతిలోకి రాబోయి ఆగింది. కుడిచేత్తో పట్టుకుంది. నాలుగు కుట్లు, కాకి గీతల్లాంటివి, వేసింది. తనూజ వాకిట్లో నిలబడి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కుడిచెయ్యి గదా, దీపం ఎడమపక్క గోడకి రావాల" అని మాబాషా లెక్కగా కొలిచి, గోడకు రెండు చిల్లులు వేసి, దీపాన్ని మరలతో బిగించి, మెడ వంచి, నీడ చీర మీద పడకుండా చేసి వెళ్లాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, కుడిచేత్తో కుట్టేవాళ్లకు ఆ జిల్లాలో అంతకంటే మంచి దీపం దొరకదు.

ఆ మర్నాడు అదే ఊరి లక్ష్మీదేవమ్మ కూతురు శ్రావణి పెళ్లిచీర వచ్చింది. ముదురు ఆకుపచ్చ పట్టు, ఎర్రంచు. ఐదు రోజుల్లో ఇవ్వాలి. ఉరుకుందమ్మ వాకిలికి వీపు పెట్టి, ఎడమచేతిలో సూది పట్టి, జానెడు కుట్టింది. తిప్పి చూస్తే ముందువైపు మూడు చుక్కలు. విప్పింది. మళ్లీ కుట్టింది. నాలుగు చుక్కలు. సూదిమొన దిగేచోట నల్లగా ఏదో కదులుతున్నట్టుంది. కళ్లజోడు తుడుచుకుంది. కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం చీర మడిచి పెట్టెలో పెట్టి, అన్నానికి కూర్చుంది.

"ఏమైంది అత్తా? పప్పులో ఉప్పెక్కువైనా తిట్టకుండా తింటాండావు" అంది తనూజ.

"కండ్లు పోయినాయే. ఇంగ నా పని ఐపోయింది. చీర ఎనక్కి ఇచ్చేస్తా" అంది ఉరుకుందమ్మ.

తెల్లారి ఇద్దరూ కర్నూలు బస్సెక్కారు. కంటి ఆసుపత్రిలో చిన్నపిల్లలాంటి డాక్టరమ్మ దీపాలు వేసి చూసింది, అక్షరాలు చదివించింది. అక్షరాలు రావంటే బొమ్మలు చూపించింది.

"అవ్వా, నీ కండ్లకు ఏమీ కాలేదు. అద్దాలు కూడా సరిపోయినవే. కొత్తగా ఏమన్నా లైటు మార్చినారా?"

"మార్చినాము."

"ఏ చేత్తో కుడతావు?"

"ఏ చేత్తో కుడితే నీకేమమ్మా? నువ్వు కండ్ల డాక్టరువా, చేతుల డాక్టరువా?"

ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. "కుట్టే చెయ్యి ఏ పక్క ఉంటే, దీపం దానికి ఎదురుపక్క ఉండాల. అదే పక్క ఉంటే చేతి నీడ సూది మీద పడతాది. అంతే అవ్వా, పో, ఇంకా పదేండ్లు కుట్టుకో" అంది.

కళ్లు పోలేదన్న మాటకు ఉరుకుందమ్మకు బయటికొచ్చాక ఏడుపొచ్చినంత పనైంది. బస్టాండులో తనకొకటీ కోడలికొకటీ నిమ్మసోడా కొట్టించింది. బస్సు ఊరు దాటాక గానీ రెండో సంగతి తలకెక్కలేదు. దీపం కుడిపక్కకు మారాలి. మార్చాలంటే మాబాషా రావాలి. వస్తే, కూచొని కుట్టు పెద్దమ్మా అంటాడు.

"చెప్పేస్తే పోతాది గదత్తా" అంది తనూజ, ఆమె ముఖం చూసి.

"ఏం చెప్పేది? రొడ్డచేత్తో నలభై ఏండ్లుగా మీ పెండ్లిగుడ్డలన్నీ ముట్టినానని చెప్పేదా? ఆ లక్ష్మీదేవమ్మ చీర గుంజుకొని పోతాది. మల్ల వీధంతా చూస్తాది."

"అట్లయితే దీపం ఆడనే ఉండనియ్యి. నువ్వే తిరిగి కూచో."

మాట బాగానే ఉంది. మర్నాడు పొద్దున పీట తిప్పి వేసుకుంది. దీపం కుడిపక్కకొచ్చింది. సూది దిగేచోట నీడ లేదు. ఒక్కొక్క పోగూ విడివిడిగా, లెక్కపెట్టుకో అన్నట్టు కనపడింది. జానెడు కుట్టి తిప్పి చూస్తే ముందువైపు ఏమీ లేదు, వట్టి ఆకుపచ్చ. ప్రాణం లేచొచ్చింది. కానీ తిరిగి కూర్చుంటే ముఖం వీధి వాకిలికి వచ్చింది. తలుపు వేస్తే ఉక్క, తెరిస్తే ఊరు. రెండు కుట్లకోసారి తలెత్తి వాకిలి చూస్తూ, దొంగసొత్తు దాచినట్టు చీర ఎత్తిపట్టి కుట్టుకుంది.

అట్లా మూర కుట్టిందో లేదో, చెప్పు చప్పుడు లేకుండా అబీదా బీ వచ్చేసింది.

ఉరుకుందమ్మ సూదిని గబుక్కున కుడిచేతిలోకి మార్చుకుంది. మార్చుకోవడంలో బొటనవేలికి దింపుకుంది. రక్తం చీరకంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది.

అబీదా బీ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏమక్కా, నా ముందర కూడా నాటకమేనా?"

"ఏం నాటకం?"

"చెయ్యి మార్చినావు గదా."

"నేను యాడ మార్చినా?"

"అరె, ఇటియ్యి." అబీదా బీ పక్కన చతికిలబడి చీర అంచు లాక్కుని, ఫాల్ కుట్టును దీపం కిందికి తిప్పింది. "ఇది చూడు. లోకంలో అందరి కుట్టూ ఇట్ల వాలతాది. నీ కుట్టు అట్ల వాలతాది. మొదటి చీర ఇచ్చిననాడే చూసినా. నాకు ఎడమచెయ్యి కుట్టు తెలీదనుకొన్నావా? నేను దర్జీపనే చేస్తాండా, గాడిదలు కాయడంల్యా."

ఉరుకుందమ్మకు నోట్లో వేలు నోట్లోనే ఉండిపోయింది. "నలభై ఏండ్లుగా తెలుసా?"

"నాకేంది, సూది పట్టేవాళ్లందరికీ తెలుసు. ఫాల్ మార్చడానికి వేరే ఊరికి పోయిన చీర చూసి కూడా, ఇది పత్తికొండ అవ్వ కుట్టు అంటారంట."

"మరి చెప్పకపోతివేమే!"

"నువ్వు వాకిలికి వీపు పెట్టుకొని కూచుంటివి. దాచుకొన్నదాన్ని నేనేల గెలికేది?"

ఉరుకుందమ్మ వేలు కొంగుకు తుడుచుకుంది. "లక్ష్మీదేవమ్మకు తెలుసా?" అంది చిన్న గొంతుతో.

"ఆమెకా! సూదికి కన్ను యాడుంటాదో ఆమెకు తెలుసా? కానీ ఒకటి విను. ఆమె పెండ్లిచీరకు ఫాల్ కుట్టింది ఎవరు?"

"నేనే."

"ఇరవై ఆరేండ్లాయ. ఫాల్ ఊడిందా?"

"నా కుట్టు ఊడతాదా?"

"కాపురం ఊడిందా? మొగుడూ పెండ్లామూ మొన్ననే టమాటా మండీకి ఒకే బండి మీద పోతాండిరి. బిడ్డ చీర ఈడికే పంపించమని నాతో చెప్పింది కూడా ఆమెనే. ఇంగేం కావాల నీకు?"

ఉరుకుందమ్మ నవ్వింది. మొదట ముక్కుతో, తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. తనూజ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఇద్దరు ముసలమ్మలూ పెళ్లిచీర మీద పడి దొర్లుతుంటే ఏమైందోనని చీర తీసి పక్కన పెట్టింది.

కబురు పంపితే మధ్యాహ్నానికి మాబాషా వచ్చాడు. పీటను ఓబుళేశు వేసిన చోటికి కాకుండా, వాకిలి దగ్గర గాలి ఆడేచోటికి ఆమె తానే జరిపించింది. దీపం తన కుడిపక్కకు రావాలంది.

"అట్ల పెడితే చేతి నీడ పడతాది పెద్దమ్మా."

"కూచొని కుడతా, నువ్వే చూడప్పా."

ఆమె వాకిలికి ముఖం పెట్టి కూర్చుంది. సూది ఎడమచేతిలోకి తీసుకుని, మాబాషా చూస్తుండగా, వీధిలో పోయేవాళ్లు చూస్తుండగా, గబగబా పది కుట్లు వేసింది. మాబాషా ఆ చేతిని చూశాడు, గోడకు తాను మొదట వేసిన రెండు చిల్లులను చూశాడు.

"ఇట్లని ఆ పొద్దే చెప్పింటే ఐపోతాండె గదా. గోడకి రెండు బొక్కలు దండగ."

"దండగేమీ కావు. ఆ బొక్కలకి మేకులు కొట్టి దారపుండలు తగిలిస్తా. నువ్వు ఆ దీపం మెడ సరిగా వంచు, వెలుతురు నా ముక్కు మీద పడతాండాది."

అతను దీపం మెడ వంచాడు. వెలుతురు జారి చీర మీదికొచ్చి నిలబడింది. ఉరుకుందమ్మ ఆకుపచ్చ పట్టులోంచి ఒక్క పోగు పట్టింది, దారం లాగింది, మళ్లీ ఒక్క పోగు పట్టింది. కాసేపటికి వీధిలోంచి ఎవరో, "ఏం పిన్నమ్మా, వాకిట్లో కూచున్నావే?" అని పలకరించారు. చూస్తే శ్రీనివాసులు.

"నా కిటికీ నువ్వు తింటివి. అందుకని నీ వీధిలోకొచ్చి కూచున్నా" అంది ఆమె, సూది ఆపకుండా.