వెనకవైపు చూసే అట్టల మామ

మీరు చివరిసారిగా ఒక మనిషి ఎదుట నోరు మూసుకుని కూర్చుని నేర్చుకున్నది ఎప్పుడు? తప్పించుకోకండి, జవాబు చెప్పండి. నేను చెప్పలేకపోయాను. మొన్న మంగళవారం ధర్మవరం నుంచి ఫోను వచ్చింది, అట్టల మామ పోయాడని.

మామ అంటే చుట్టం కాదు, మా నాయన మగ్గానికి పక్కింటివాడు. పట్టుచీర అంచులో ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే అట్టలకు చిల్లులు కొట్టేవాడు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. నేను ఏ కాలేజీ గడపా తొక్కలేదు. కంప్యూటరు గుట్టు నాకు ఆ చిల్లుల దగ్గరే తెలిసింది. ఇప్పుడు హిందూపురంలో సాఫ్ట్‌వేర్ రాస్తాను, ఆదివారాలు చర్చిలో వాక్యం చెబుతాను.

రెండేళ్ల కిందట ఏఐతో చీర డిజైన్లు గీసే టూలు తయారుచేసి, గొప్పగా ఆయన ముందు లాప్‌టాప్ తెరిచాను.

“నెమలి బాగుండాది. వెనక చూపించబ్బా.”

“వెనక ఉండదు మామా, ఇది బొమ్మ.”

“దేవుడు కూడా మనిషికి వీపు పెట్టినాడే! నీ మిషను మర్చిపోయిందా?”

నవ్వాడు. తరువాత నెమలి రెక్క మీద వేలు పెట్టాడు. “ఈడ జరీ పోగు నేతలో చిక్కకుండా వెనక పొడుగ్గా తేలిపోతాండాది. కట్టుకున్నామె మెట్టెకు తగులుకుంటాది.” ఏ చీరనైనా ముందు తిరగేసి, వెనక అరచేత్తో నిమిరేవాడు. ముందువైపు తరువాతే.

పోగు అట్లా ఎంత పొడవు తేలవచ్చో ఒక్క అంకె చెప్పమన్నాను, టూలులో పెట్టేస్తానని.

“అంకె కాదప్పా. పట్టును బట్టి, జరీని బట్టి, నేసేవాని చేతిని బట్టి. కూచో, ఒక్కొక్కటి చెప్తా, రాసుకో.”

“వచ్చే వారం మామా. పెనుకొండలో ఉపవాస ప్రార్థనలుండాయి.”

“వాక్యం చెప్పేవాడు వినేది ఎప్పుడబ్బా?”

ఆ వచ్చే వారం రెండేళ్లయినా రాలేదు. మన దినాలు మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నేతగాని నాడె కంటే వేగంగా పోతాయనీ, ఆశ లేకుండా ముగుస్తాయనీ బైబిలులో బూడిదలో కూర్చున్న భక్తుడు ఏడ్చాడు. ఆ మాట మీద నేను గంటసేపు ప్రసంగించాను, చెమటలు కారేట్టు. ఒక్క ముక్కా నా చెవికెక్కలేదు. మేలు తెలిసీ చేయనివాడు పాపి అయితే, ఆ పాపిని నేనే.

టూలులో ఏదో ఒక అంకె నేనే పెట్టేశాను. అంతకుముందు ఏఐని అడిగితే ఒక జవాబు ఇచ్చింది. మళ్లీ అడిగితే, అంతే ధైర్యంగా ఇంకొకటి. తప్పు దానిది కాదు. ఎవరూ చెప్పనిది అది మాత్రం ఎక్కడ నేర్చుకుంటుంది? నా టూలు డిజైనుతో నేసిన చీర పట్టుకుని ఒక నేతగాడు నిన్న వచ్చాడు. వెనక పోగులు లేచిపోయి ఉన్నాయి. “మామ లేడు కదన్నా, ఇంక ఎవర్ని అడగల్ల?” అన్నాడు. చీర వెనక మామలాగే అరచేత్తో నిమిరాను. జరీ వేళ్లకు తగులుకుంది.

ఆ సాయంత్రమే ధర్మవరంలో మామ ఇంటికి పోయాను. అత్త ఒక అట్టల కట్ట నా ఒళ్లో పెట్టింది. ప్రతి అట్ట అంచునా పెన్సిలు గీతలు: కొన్ని నిలువు, కొన్ని వాలు, కొన్నిచోట్ల చిన్న సున్న.

“ఇవేందప్పా? నీకు చెప్పింటాడే.”

ఒక్క గీతా నాకు అర్థం కాలేదు. అత్త ఒక్కో గీత మీదా వేలు పెట్టి నా ముఖం చూస్తూనే ఉంది.

చదువుతున్నవారలారా, ఇది పక్కన పెట్టి లేవండి. మీరెరిగిన, పని తెలిసిన ఆ ముసలాయన ఇంటికి పోండి. ప్రార్థన ఉంటే తరువాత చేసుకోండి, దేవుడు ఆగుతాడు. ఆయన ఆగడు. ఈ పొద్దే పోండి, కూర్చోండి, అడగండి.