దూరం పిల్లలు

చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉంది. అక్కడ పదో తరగతి రాసిన పిల్లలంతా ఏటా పాసవుతున్నారని ఎవరో చెప్పారు. అటునుంచి మా పేపరుకు వచ్చే వార్తలు ఎక్కువగా జ్వరాలు, కాల్పులు, వాగులో కొట్టుకుపోయిన మనుషులు. మంచి వార్త అనగానే నేనే బండి తీశాను.

హెడ్‌మాస్టరమ్మ హాజరు తీసుకునే ముందు పిల్లల కాళ్లు చూస్తుంది. ముల్లు దిగిందా, మడమ పగిలిందా, వాపుందా. గది మూలన చాప పరిచి ఉంటుంది. చీకటితోనే నడక మొదలుపెట్టిన వాళ్లు మొదటి పీరియడ్ దాని మీద పడుకోవచ్చు, ఎవరూ లేపరు. తెలుగు రాని పిల్ల పక్కన కోయ, తెలుగు రెండూ వచ్చిన పిల్ల కూర్చుంటుంది. ఆ జంటను ఏడాదంతా విడదీయరు.

"వీళ్లలో వలస వచ్చినవాళ్లు ఎందరు మేడమ్?" అని అడిగాను.

"గా మాట మా బడిల లేదు సారూ. దగ్గరి పిల్లలు, దూరం పిల్లలు. గంతే."

"దూరమంటే ఎక్కడినుంచి?"

"కాళ్లు చూస్తం, ఊరు అడగం."

మొదటి బెంచీలో పదో తరగతి అమ్మాయి ఒకతి నా నోట్‌బుక్‌లోకి తొంగి చూస్తోంది. చంటిపిల్లగా ఉన్నప్పుడు తల్లి ఛత్తీస్‌గఢ్ నుంచి చంకనేసుకుని తెచ్చిందట. ఆ సంగతి తనే చెప్పింది. "మీ పేపర్ అడవిల మా గుంపు గుడిసెలకు రాదు సార్. బజ్జీల పొట్లమై వస్తది. నా ఫొటో మీద నూనె పడకుంట చూడుర్రి" అంది. తరగతంతా నవ్వింది.

మొదటి వాక్యమే పాఠకుణ్ని పట్టుకోవాలని మా వృత్తిలో నేర్పుతారు. "సరిహద్దు దాటి వలస వచ్చిన ఇంటి బిడ్డ ఈ బడిలో అందరికన్నా ముందుంది" అని మొదలుపెట్టాను. పేపర్ ఆఫీసులో డెస్కువాళ్లు ఒక్క అక్షరం మార్చలేదు. వార్త అందరికీ నచ్చింది. పై అధికారులు బడికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

ఫలితాల్లో ఆ అమ్మాయే బడిలో ఫస్టు. గిరిజన బాలికల హాస్టల్ కాలేజీలో సీటుకు దరఖాస్తు చేసింది. కుల సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. ఒకరోజు మేడమ్ ఫోన్ చేసి, "సారూ, జల్దీ ఎమ్మార్వో ఆఫీసుకు రార్రి" అంది.

గుమాస్తా ఫైలు తెరిచి చూపించాడు. అమ్మాయి దరఖాస్తుకు నా వార్త కత్తిరించి పిన్ను చేసి ఉంది. 'వలస' కింద ఎర్ర సిరాతో గీత.

"బయటి రాష్ట్రమోళ్లకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ రాదు సార్. ఊళ్లె అడిగితే ఎవ్వలూ నోరు ఇప్పలే. మీరే రాసిన్రు గదా" అన్నాడు. అతని గొంతులో ఎగతాళి లేదు.

బయటికి వచ్చాక మేడమ్ నన్ను తిట్టలేదు. "మీకు తెల్వకనా సారూ? చెప్పిన గదా" అని బస్సెక్కింది.

సవరణ వేయమని డెస్కుకు ఫోన్ చేశాను. "దాంట్లో తప్పేముందన్నా? నిజం రాసినదానికి సవరణ ఎట్ల వేస్తం?" అన్నాడు అవతలి కుర్రాడు. ఆ ముక్క అతనికి నేర్పింది నేనే. మేడమ్ రెండు ఆఫీసులు తిరిగింది, నేను తెలిసినవాళ్లందరినీ అడిగాను. గడువు తేదీ దాటిపోయింది.

ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను. అమ్మాయి తల్లితోపాటు వేరేవాళ్ల పత్తి చేనులో కలుపు తీస్తోంది. గట్టు దాకా వచ్చి నిలబడి, చెప్పిందంతా విన్నది.

"పేపర్ల అబద్ధం రాసిన్రా సార్?"

"లేదమ్మా."

"మరింకేంది" అంది.

చేనులోంచి తల్లి వాళ్ల భాషలో ఏదో కేకేసింది. నాకు అర్థం కాలేదు. అమ్మాయి వెనక్కి వెళ్లి తన సాలు పట్టుకుంది. అప్పటికే మిగతా ఆడవాళ్లు ముందుకు వెళ్లిపోయారు. వాళ్లను అందుకోవాలని, తలెత్తకుండా చేతులు జల్దీ ఆడిస్తోంది.