ఎర్రమ్మ పేరు లేని రాయి

పదహారేళ్ళుగా ఒక రాయి నా గుండె మీద ఉంది. మాటవరసకు అనడం లేదు. ఆ రాయి నిజంగానే ఉంది, ఈ దీవిలో జంగ్లీఘాట్ రేవు పక్కన మా పేటలో, గంగమ్మ గుడి ముందు. రేవుకి వెళ్ళే ఎవరైనా దాన్ని చూడొచ్చు. కానీ మా దగ్గర తెలుగు మాట్లాడేవాళ్ళే తప్ప చదివేవాళ్ళు తక్కువ. చదవగలిగిన ఆ కొద్దిమందీ బయటి నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళకి పేట కథ తెలియదు; కథ తెలిసినవాళ్ళకి తెలుగు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే నేను ఆ పని చేశాను.

నేను తెలుగు మాస్టారుని, మా పేట పిల్లలు మాత్రం హిందీ బడికే పోయేవాళ్ళు. రిటైరై ఇక్కడే షాదీపూర్‌లో ఉంటున్నాను. పేరు చెప్పను. పేరు మీది యావతోనే ఇదంతా జరిగింది కనుక, ఈ ఒక్కసారి అది లేకుండా పోనివ్వండి.

మా పేట ఎలా పుట్టిందో చిన్నప్పటి నుంచి అందరూ చెప్పుకునేది ఒకటే. శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకని ఓడలో వచ్చిన తొలి కుటుంబాల్లో ఎర్రమ్మ అనే ఆవిడ ఉంది. సొంతూరి గంగమ్మ పాదాల దగ్గర మట్టిని పసుపు గుడ్డలో మూటకట్టి, ప్రయాణమంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆ మూట పూడ్చిన చోటే గుడి లేచింది. గుడి వెనక బావి కూడా ఆవిడ పట్టుబట్టి తవ్వించిందే. సముద్రం అంత దగ్గరున్నా ఆ నీళ్ళకి ఇప్పటికీ ఉప్పు తగల్లేదు. మా నాన్న ఎన్నో ఏళ్ళ తర్వాత ప్రభుత్వోద్యోగం మీద వచ్చాడు. మంచివాడు. గుడికి రేకులు వేయించాడు. అంతే.

పేట చరిత్ర రాయి మీద చెక్కించాలని పెద్దలు అనుకున్నప్పుడు రాసే పని నాకు అప్పగించారు. నేను రాసిన కాగితం విశాఖపట్నం వెళ్ళింది, రాయి ఓడలో వచ్చింది. ఆ కాగితంలో మూడో వరుసలో, అమ్మవారిని తెచ్చి బావి తవ్వించినవారు అన్న మాటల పక్కన, మా నాన్న పేరు పెట్టాను. ఎందుకు? ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. దుఃఖంలో రాశానని నాకు నేనే చెప్పుకున్నాను. దుఃఖమే అయితే రేకుల సంగతి రాసి ఊరుకునేవాణ్ణి కదా? అక్షరం రాని ఒక ఆడమనిషితో మా పేట చరిత్ర మొదలవడం, అది నా చేత్తో రాయడం, నాకు నామోషీ అనిపించింది. అసలు మాట ఇదీ.

రాయి నిలబెట్టిన రోజు పొద్దున్నే ఎర్రమ్మ కూతురు అప్పలనర్సమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది, మేమంతా దీదీ అనేవాళ్ళం. ఆవిడకి చదువు రాదు. ఆవిడ పిల్లలకి వచ్చింది హిందీయే.

“మాస్టారూ, మాయమ్మ పేరు ఏ పక్కనుంది? జర సూపించు బాబూ,” అంది.

నేను వేలు పెట్టి చూపించాను.

“ఇదిగో దీదీ, మూడో వరుస.”

“సదువు. నా సెవులతో ఇనాల.”

“అమ్మవారిని తెచ్చి బావి తవ్వించినవారు, ఎర్రమ్మ,” అని చదివాను. ఎక్కడా తడబడలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చదివిన గొంతు కదా.

“మాయమ్మ పేరు రాతి మీదకెక్కినాది. నాకింకేటి గావాల? నువ్వు సల్లగుండాల బాబూ,” అంటూ ఆ వరుసకి పసుపు రాసి, నుదురు ఆనించింది. మా నాన్న పేరుకి ఆనించింది.

ఆ తర్వాత ఏటా అమ్మవారి పండగనాడు ఆవిడ అలాగే చేసేది. నేను తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడేవాణ్ణి. నిజం చెప్పేద్దామని ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. చేపల పులుసు పెట్టి తినమంది. కడుపునిండా తిని వచ్చాను. ఆ ముద్ద ఎలా దిగింది నాకు?

పోయిన వానాకాలంలో అప్పలనర్సమ్మ చనిపోయింది.

ఈమధ్య పేట కుర్రాళ్ళు వచ్చి, రాయి పక్కన హిందీ బోర్డు పెడతామని, రాయి మీదున్నది హిందీలో రాసిమ్మని అడిగారు. ఎంత సంబరపడ్డానో. హిందీలో ఎర్రమ్మ పేరు పెట్టేస్తే సరి, తెలుగు రాయిని ఇక ఎవరు చదవొచ్చారు? అలాగే రాసిచ్చి పంపేశాను. వాళ్ళు గేటు దాటాక సిగ్గేసింది. నేను చేసింది తప్పు దిద్దుకోవడమా, ఆనవాలు కప్పెట్టడమా? పదహారేళ్ళ తర్వాత కూడా దొరకకుండా పోయే దారే వెతుకుతున్నానా? క్షమించమని అడుగుదామంటే దీదీ లేదు. ఆవిడ బదులు మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. అడగను.

నిన్న సాయంత్రం వెళ్ళి రాయి ముందు నిలబడ్డాను. రేవులో పడవలు ఖాళీ చేస్తున్నారు. మూడో వరుస అక్షరాల్లో పసుపు ఇంకా మిగిలే ఉంది. దాని మీద వేలు పెట్టి, అందరికీ వినపడేలా చదివాను. అమ్మవారిని తెచ్చి బావి తవ్వించినవారు అని, ఆ పక్కనున్న మా నాన్న పేరు చదివాను.

చేపల బుట్ట దించుతున్న ఒకాయన ఇటు తిరిగాడు. “ఏటి మాస్టారూ, అది ఎర్రమ్మ పేరు గదా!” అన్నాడు.

కాదు, అక్కడ నేను రాయించింది మా నాన్న పేరు అన్నాను. మళ్ళీ చదివాను.