బోణీ బాణం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. అయినా రాజాంలో మా మావయ్య ధాన్యం కొట్టు వెనక పెరట్లో విల్లు పట్టుకుని నిలబడ్డ కాలేజీ పిల్లని తలుచుకుంటే అది నేనేనా అనిపిస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో మా వీధిలో విలువిద్య తెలియనివాళ్లు లేరు. విల్లు ముట్టుకున్నవాళ్లు మాత్రం నేను తప్ప ఎవరూ లేరు. నా భుజాన వేలాడే పొడుగు సంచీ చూసి "ఏటమ్మా, కర్టెన్ రాడ్లా?" అని అడిగిన పెద్దమనుషులే, అవి బాణాలని చెప్పగానే ఏ కన్ను మూయాలో, ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో నాకు నేర్పి పంపేవారు. వీళ్లందరి పాండిత్యమూ టీవీ సీరియళ్ల పుణ్యమే. వాటిలో బాణం పగలదు, చీలదు, వేసినవాడి చేతిలోకి పేళ్లు దిగవు. గాల్లో మరో బాణాన్ని గుద్దుకుని మెరుపులు మాత్రం కురిపిస్తుంది.

నావి కార్బన్ బాణాలు. నల్లటి సన్నటి గొట్టాలు, లోపల బోలు. ముందు ఉక్కు ములికి, వెనక ఈకలు, కొసన వింటినారికి తగిలించే చిన్న ప్లాస్టిక్ బిళ్ల. చూడ్డానికి నాజూకుగా ఉంటాయి కానీ వాటి కోపం చెడ్డది. ఎక్కడైనా దెబ్బ తగిలి కంటికి ఆనని పగులు పట్టిందంటే, వదిలిన క్షణంలోనే బద్దలై, విల్లు పట్టుకున్న చేతిలోకి సూదుల్లాంటి పేళ్లు దిగిపోతాయి. అందుకే మాకు నేర్పిన మాస్టారు, వేసే ముందు ప్రతి బాణాన్నీ రెండు చేతులా పట్టుకుని, మొహానికి దూరంగా మెల్లగా వంచి వినమనేవారు. చిటచిటమన్నా, టిక్కుమన్నా ఇక దాన్ని ముట్టకూడదు. "టిక్కుమందా? టిక్కుమందా?" అంటూ ఆయన మైదానమంతా తిరుగుతుంటే, టిక్కు మాస్టారని పేరు పెట్టుకుని వెనక నవ్వేవాళ్లం. (ఆయన ఎడమ బొటనవేలి మొదట్లో పొడుగాటి మచ్చ ఒకటి ఉండేది. అదెలా వచ్చిందో ఒకరోజు ఆయనే చెప్పారు. ఆ రోజు మాత్రం ఎవరమూ నవ్వలేదు.)

ఇక మా మావయ్య. అమ్మకి అన్న, చదువు కోసం నేను చేరిన ఇంటికి యజమాని, ప్రపంచంలో ఉన్న సమస్త విషయాల మీదా ఆఖరిమాట చెప్పగల మనిషి. ఆయనకి తెలియనిది ఉందని ఒప్పుకోగా నేను వినలేదు, వినబోను కూడా. క్రికెట్ కామెంటరీ చెప్పేవాడికి క్రికెట్ రాదు, డాక్టరుకి జ్వరం గురించి తెలియదు, సాలూరు లారీ డ్రైవర్లకి ఘాటీ ఎక్కడం రాదు. నా బాణాలైతే ఆయన దృష్టిలో "ప్లాస్టిక్ పుల్లలు". అయినా విజయనగరంలో జిల్లా జట్టు ఎంపికలకి నన్ను తన కారులో తీసుకెళ్లడానికి ఒప్పుకున్నాడు. ఎంపికలు దసరా ఆయుధ పూజ మర్నాడే. ఆ రోజు కోసం నేను ఎండనక వాననక వేసిన బాణాలకి లెక్కలేదు. ఇంట్లో వేరే మగదిక్కు లేదు, ఒక్కదాన్నే పంపరు, మావయ్య మనసు మారిందంటే నా ఏడాది అంతా గోవిందా.

పూజ ముందురోజు కొట్లోని సామానంతా కడిగి దేవుడి గదిలో పెట్టడం మా ఇంటి ఆచారం. కాటా, రాళ్లు, బస్తాలో గుచ్చి గింజలు లాగి చూసే ఇనప గొట్టం, అన్నిటికీ పసుపు పూసి ఉంచుతారు. పూజ అయ్యేదాకా వాటిని ముట్టడానికి వీల్లేదు. ఆ సాయంత్రమే ఎవరో ధాన్యం లోడు తెస్తే, మావయ్య అది తడిదని చెప్పి తిప్పి పంపేశాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ కథే కథ. "గొట్టం ఎందుకే? బస్తా ఎదురుగుండా నిలబడితే సాలు, వోసనకే సెప్పీగల్ను తడో పొడో. నలబై ఏళ్ల సర్వీసు!" అన్నాడు. అత్తయ్య ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

తెల్లారి లేచేసరికి నా బాణాలు దేవుడి గదిలో, కాటా పక్కన కట్టగా ఉన్నాయి. ఒళ్లంతా పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు. నా మొహం చూసి మావయ్య, "ఆయుధం కాదేటి? పూజ సెయ్యకపోతే ఎలాగ?" అన్నాడు. సరే, అంతవరకూ నాకు లోపల ముచ్చటగానే ఉంది. పూజ అయ్యాక ఆయన పంచె ఎగ్గట్టి, విల్లు చేతిలోకి తీసుకుని, "బోణీ నా సేత్తో అవ్వకుండా నీ బాణం గుమ్మం దాటదు" అనడంతో నా ముచ్చట ఆవిరైపోయింది. బోణీ అంటే మా వాళ్లకి ఎంతో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున్నే వచ్చిన మొదటి బేరగాడు ఊరికే వెళ్లిపోతే ఆ రోజంతా కొట్లో ఎవరి మొహం చూసినా తుమ్మినట్టే ఉంటుంది. పక్క కొట్ల వాళ్లంతా సెల్‌ఫోన్లు పట్టుకుని పెరట్లోకి వచ్చేశారు. గోడకి గడ్డిమోపు ఆనించారు. మావయ్య విల్లుని గొడుగు పట్టుకున్నట్టు పట్టుకుని, ఫొటోల కోసం మీసం సర్దుకుని, "ఒసే, బాణం ఇటియ్యి" అన్నాడు.

కట్టలోంచి పైది తీశాను. తీస్తుంటే లోపల ఏదో గలగలమంది. అలవాటు కొద్దీ రెండు చేతులా పట్టుకుని వంచబోయాను. అంతే, పెరడంతా ఒక్కసారిగా కేకలు.

"ఓలమ్మో! పూజ సేసిన బాణం ఇరుస్తన్నాదిరా!" అని ఒకరు. "బోణీ ఎదర ఇరుపులేటమ్మా, అపశకునం!" అని ఇంకొకరు. అదివరకు నాకు కన్ను మూయడం నేర్పిన పెద్దాయన ఫోను దించి చెంపలేసుకున్నాడు. మావయ్య మొహం కుంకుమ రంగులోకి తిరిగింది.

"వొంచినావంటే రేపు ఇజీనగరం లేదు. కారు తియ్యను. అందరెదటా సెప్తన్నాను."

ఆ మాట అన్నాడంటే అన్నట్టే. నాకు భయం వేసింది. బాణం ఇచ్చేస్తే సరిపోతుంది, ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ విల్లు చుట్టూ బిగించిన ఆయన ఎడమ చెయ్యి నా కళ్ల ముందే ఉంది. బొటనవేలి మొదట్లో ఆ మెత్తటి చోటూ కనపడుతోంది. ఎన్ని తిట్టుకున్నా నా చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. బాణాన్ని వంచాను.

టిక్కుమంది. ఆ వెంటనే చిటచిటమంటూ వెనక కొస దగ్గర పసుపు నిలువునా చీలింది. కుంకుమ బొట్టు రెండుగా విడిపోయింది, నల్లటి పేళ్లు పైకి లేచాయి.

"ఇరిసీసింది! లచ్చనంగున్న బాణాన్ని సేజేతులా ఇరిసీసింది!" అని మావయ్య గంతేశాడు. "ఇంక ఇజీనగరం లేదు, ఏటీ లేదు. పోయి గదిలో కూకో!" పక్క కొట్లవాళ్లు జాలిగా తలలూపారు (వాళ్ల జాలి నాకోసం కాదు, బోణీకోసం). నేను బాణాన్ని, విరిగిన కొస నేల వైపు ఉండేలా దించి పట్టుకుని నిలబడ్డాను. కొసన ఉన్న ప్లాస్టిక్ బిళ్ల ఊడి పడింది. దాని వెనకే గొట్టంలోంచి ధాన్యం గింజలు రాలాయి.

అందరూ నేల వైపు చూశారు. అత్తయ్య వచ్చి, వంగి ఒక గింజ తీసి, పొట్టు ఒలిచి పంటి కింద పెట్టి నొక్కింది. మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా అలాగే చూస్తారు. పొడి గింజ పటుక్కుమంటుంది. అది పటుక్కుమనలేదు.

"తడిగున్నాది," అంది తాపీగా. "నిన్న మీరు వోసనకే ఎనక్కి పంపీసిన లోడులోది కాదేటండీ?"

ముందురోజు సాయంత్రం ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. ఇనప గొట్టం దేవుడి గదిలో ఉంది, ముట్టకూడదు. బయట లోడు వచ్చి ఉంది. నా సంచీలోనేమో బోలుగా, నున్నగా, అచ్చం దానికోసమే చేసినట్టున్న గొట్టాలు. ప్లాస్టిక్ బిళ్ల పీకి, వెనక కొసని బస్తాల్లో పొడిచి, గింజలు లాగి, బిళ్ల మళ్లీ పెట్టేసి, పైన భక్తిగా పసుపు పూశాడు మహానుభావుడు. సరిగ్గా నారి తన్నే చోటే చీల్చి, దాన్నే సొంత చేత్తో వేయడానికి సిద్ధపడ్డాడు. మావయ్య ఆ గింజల వైపు చూశాడు, చీలిన కొస వైపు చూశాడు, తర్వాత తన ఎడమ చెయ్యి వైపు చాలాసేపు చూశాడు. తప్పయిందంటాడని మీరు ఎదురుచూస్తుంటే మా మావయ్య మీకు ఇంకా అర్థం కాలేదన్నమాట.

"సూసినారా," అన్నాడు జనం వైపు తిరిగి, "అందుకే ముందు వొంచి సూసుకోవాలి."

మర్నాడు కారు తీశాడు. విజయనగరం మైదానంలో నేను బాణాలు వేస్తున్నంతసేపూ ఆయన తక్కిన తల్లిదండ్రుల్ని చుట్టూ పోగేసుకుని, కార్బన్ బాణం వంచి చూడడమనే విద్యని తనే కనిపెట్టినట్టు బోధిస్తూ గడిపాడు. "టిక్కుమందంటే పక్కనెట్టీయండి. నా అనుబవంతో సెప్తన్నాను." టిక్కు మాస్టారు ఆ గుంపు వెనక నిలబడి, తన బొటనవేలి మచ్చ తడుముకున్నారు. నేను జట్టులో అదనపు ఆటగత్తెగా మిగిలాను, అంటే బెంచీ తుడిచే హోదా. మావయ్య లెక్కలో అది జడ్జీలకి కళ్లు కనపడకపోవడం వల్ల.

ఇప్పుడు అదే మైదానంలో నేను పిల్లలకి నేర్పుతున్నాను. వాళ్ల తల్లిదండ్రులు యూట్యూబ్ చూసి వచ్చి నాకు నేర్పుతుంటారు, అది వేరే ఖర్మ. ప్రతి బాణాన్నీ వంచి వింటాను. వంచే ముందు ఒకసారి చెవి దగ్గర పెట్టి ఊపుతాను కూడా. ఏ శిక్షణలోనూ ఇలా ఊపమని చెప్పరు. "మేడం, లోపల ఏటి ఇంటన్నారు?" అని పిల్లలు అడిగితే, "ధాన్యం" అంటాను. వాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు. నా వెనక నాకూ ఏదో పేరు పెట్టే ఉంటారు. ఇంతవరకు ఏ బాణంలోనూ గలగల వినిపించలేదు. అందుకు సంతోషించాలి కానీ, ఊపిన ప్రతిసారీ ఏదో కాస్త వెలితిగానే ఉంటుంది.