పెద్దత్త ఏం తిన్నట్టు?

ఉదయం ఏడూ అయిదుకి, రేడియోలో ఢిల్లీ వార్తలు మొదలవుతుండగా, మా పెద్దత్త తన ఇడ్లీ పళ్ళెం పక్కకు జరిపింది. మెల్లగానే జరిపింది. ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, ఐనవిల్లి దగ్గర మా ఇంట్లో ఇలాంటివి ఎవరూ పట్టించుకునేవారు కాదు. నేనైతే అసలు పట్టించుకోలేదు. అమలాపురం కాలేజీలో బీయస్సీ చదువుతూ, ప్రపంచంలో వివరణ లేనిది ఏదీ లేదని గట్టిగా నమ్ముతున్న వయసు నాది. (ఎందుకు నమ్ముతున్నావని ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయాను.)

పెద్దత్త మా నాన్నకూ బాబాయికీ అక్క. మామయ్య పోయాక పుట్టింటికి వచ్చేసి, తెల్లవారకముందే లేచి ఇంటిల్లిపాదికీ వండేది. ఆ పొద్దున అందరికీ పెట్టి తను కూర్చోగానే, బాబాయి పేపరులోంచి తల ఎత్తకుండా పిన్నితో, "అక్కకి ఇంకో రెండు వెయ్యి. ఊరికే వచ్చే మినప్పప్పేగా" అన్నాడు. తమాషా అనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తప్పని కూడా అనలేదు. నాన్న వార్తలు వింటున్నాడు. పళ్ళెం జరిపాక పెద్దత్త, "ఆయ్. ఇహ నీకా బెంగ అక్కర్లేదురా తమ్ముడూ" అని లేచి చేయి కడుక్కుంది.

ఆ తర్వాత ఆవిడ తినగా చూసినవాళ్ళు లేరు. వండేది, వడ్డించేది, గిన్నెలు తోమించేది, కొబ్బరికాయల రాశి దగ్గర పనివాళ్ళని అజమాయిషీ చేసేది. అమ్మా పిన్నీ చేతులు పట్టుకుని బతిమాలితే, "మీరన్న మాట కాదుగా అమ్మా, మీకెందుకు బాధ? అన్నవాడు పిలవాలి" అనేది. అన్నవాడు మాత్రం, "ఆకలేస్తే అదే తింటుంది" అని తన భోజనం తను చేస్తుండేవాడు. రోజులు వారాలయ్యాయి. పెద్దత్త చిక్కలేదు. ఒళ్ళు తూలలేదు. మునుపటికన్నా గట్టిగా కేకలేసేది.

ఈ సంగతి పాలావిడ నోటి నుంచి ఊరికీ, ఊరి నుంచి ఏటి అవతలికీ పోయింది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి జనం రావడం మొదలుపెట్టారు. ఏమీ తినని మనిషిని చూడటానికి వచ్చేవాళ్ళు వట్టి చేతులతో రారు కదా. గెలలకు గెలలు అరటిపళ్ళు, కొబ్బరికాయలు, కాజాలు తెచ్చి ఆవిడ ముందు పెట్టేవారు. (తినని మనిషికి తిండి ఎందుకు తెస్తున్నారని అడిగింది నేనొక్కదాన్నే. నా వైపు జాలిగా చూశారు.) వాటన్నిటినీ ఎవరో ఒకరు తినాలి. రెండు ఇడ్లీలకు ఏడ్చిన మా బాబాయి తిన్నాడు. అరుగు మీద బల్లలు వేయించి, "తోసుకోకండి, అందరికీ కనపడతారండి మా అక్కగారు" అంటూ అరటిపండు చేత్తో జనాన్ని వరసలో నిలబెట్టేవాడు. పెద్దత్త మాత్రం కాళ్ళకు దండం పెట్టబోయిన వాళ్ళని, "లేవండి లేవండి, ఎండనపడి వచ్చేరు, మజ్జిగ తాగండి" అని కసిరేది.

నాకు తల కొట్టేసినట్టుండేది. మా కాలేజీలో హేతువాద సంఘం ఒకటి ఉండేది. అందులో సభ్యులం ముగ్గురం. నాయకుడు మా లెక్కల లెక్చరరు. ఎవరేం చెప్పినా "రుజువేదీ?" అంటారని ఆయనకు రుజువు మాష్టారని పేరు. ఆయన ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చి, పగలంతా అందరి కళ్ళెదుట హాల్లో కూర్చోవాలని పెద్దత్తను కోరారు. సాయంత్రానికి నీరసించి తనే నిజం ఒప్పుకుంటుందని ఆయన లెక్క. నేను ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాను.

"దానికేం భాగ్యం, కూర్చుంటానండి" అంది పెద్దత్త. "కానీ ఒక్క మాట. నా ముందు కూర్చున్నవాళ్ళు నాకు పెట్టకుండా తినకూడదు. మా తమ్ముడు కూడా ఇక్కడే కూర్చోవాలి. లేచి వంటింట్లోకి పోకూడదు."

"అంతేనా!" అన్నారు మాష్టారు. బాబాయి కూడా ఊఁ అన్నాడు. ఇద్దరూ అప్పుడే పెసరట్లు తిని ఉన్నారు.

పదకొండు దాకా మాష్టారు మానవ శరీరం గురించి మాట్లాడారు. పన్నెండు దాటాక గడియారం గురించి మాట్లాడారు. ఒంటిగంట వేళ పిన్ని వంటింట్లో పనసపొట్టు కూరకు తాలింపు వేసి ఆవ పెట్టింది. ఆ ఘాటు హాల్లోకి వచ్చాక ఎవరూ దేని గురించీ మాట్లాడలేదు. జనం గుమ్మంలో గుమిగూడి చూస్తున్నారు. పెద్దత్త గోడకానుకుని తీరిగ్గా ఒత్తులు చేసుకుంటోంది. మాష్టారి చేయి తెలియకుండానే ముందున్న చక్కెరకేళి గెల మీదకు పోయింది. పండు ఒలిచారు. నోటి దాకా తెచ్చి ఆగిపోయారు. మా వైపు పుట్టినవాడు ఎదుటి మనిషిని అడగకుండా నోట్లో పెట్టుకోలేడు, హేతువాదైనా సరే.

"తీసుకుంటారాండి?" అన్నారు మాష్టారు, ఒలిచిన పండు పెద్దత్త వైపు చాపి.

"మీరు పరాయివారైనా అడిగేరు బాబూ, సంతోషం" అంది ఆవిడ. "ఇంట్లోవాళ్ళ సంగతి చూద్దాం."

గుమ్మంలోని జనమంతా బాబాయి వైపు చూశారు. నేనూ చూశాను. ఆయన చెమటలు తుడుచుకున్నాడు, వంటింటి వైపు చూశాడు, చివరికి నేల చూస్తూ, "అక్కా, లే. భోజనానికి రా" అన్నాడు.

"వినపళ్ళేదురా."

"భోజనానికి రా అక్కా! నీ ఇంట్లో నువ్వు తినడానికి ఎవడి దయ కావాలి? ఆ రోజు నోరు జారేను."

"ఎవరిల్లన్నావు?"

"నీదే! నీదేనే తల్లీ!"

పెద్దత్త ఒత్తులు పళ్ళెంలో పెట్టి లేచింది. కాళ్ళు కడుక్కుని, ఆకు వేసుకుని, పీట మీద కూర్చుంది. అందరికన్నా ముందు కూర్చుంది. బాబాయి వడ్డించాడు. కూర మూడుసార్లు వేయించుకుంది. "రుజువైంది, ఆవిడ తింటుంది!" అన్నారు మాష్టారు పక్క ఆకు మీదినుంచి, నోటి నిండా అన్నంతో. "దీక్ష విరమించేరండీ అమ్మగారు!" అని గుమ్మంలోవాళ్ళు చెంపలు వేసుకున్నారు. రెండు పక్షాలూ గెలిచి ఇళ్ళకు వెళ్ళిపోయాయి.

అన్ని వారాలూ ఆవిడ ఏం తిన్నట్టు? నాకో ఊహ ఉండేది. మా కొబ్బరి రాశిలో మొక్క వచ్చిన కాయల్ని ఎవరూ లెక్కపెట్టరు. పగలగొడితే లోపల తెల్లగా, తియ్యగా కొబ్బరి పువ్వు ఉంటుంది. ఆ కాయల దగ్గరే కదా ఆవిడ ఉండేది! దొడ్డంతా వెతికాను. పువ్వు తీసిన చిప్ప ఒక్కటీ దొరకలేదు. చివరికి అడిగేశాను. "తినమని అడగనివాళ్ళకి ఏం తిన్నావని అడిగే హక్కు లేదే అమ్మడూ" అంది పెద్దత్త. అప్పుడు నాకు రోషం వచ్చింది. ఆ ఏడూ అయిదుకి నేనూ అక్కడే కూర్చుని ఇడ్లీ తింటున్నానని చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చింది.

పెద్దత్త పోయిన పదకొండో రోజున మురమళ్ళ వైపు నుంచి ముసలాయన ఒకరు వచ్చి, గుమ్మంలో నన్ను ఆపి, లోపల దండ వేసిన ఫొటో చూపించి, "ఈవిడేనాండి, ఏమీ తినకుండా ఉన్నారంట?" అని అడిగారు. వివరణ లేనిది ఏదీ లేదన్న పిల్ల ఒకర్తి నా లోపల ఎక్కడో గొంతు సవరించుకుంది. దాన్ని కూర్చోమన్నాను.

"ఆయ్, ఈవిడేనండి" అన్నాను.

"ఎలాగున్నారంటారు?"

"అది ఆవిడ చెప్పలేదండి, నేను చెప్పను. ముందు మీరు భోజనానికి రండి."

బాబాయి ఆయనకు ఆకు వేసి, ఆయన చాలన్న తర్వాత కూడా వడ్డించాడు. మా ఇంట్లో ఎవరి పళ్ళెంలో ఎన్ని ఇడ్లీలున్నాయో ఇప్పుడు ఎవరూ చూడరు.